షాహీన్ తిన్న రామెన్ కోసం మేడ్చల్ రోడ్డు పొడుగునా

మా చెల్లెలు షాహీన్ పోయి ఏడాది నిండబోతుందనగా, బర్సీకి రెండు రోజుల ముందు అమ్మీ నన్ను వంటింట్లోకి పిలిచి పీట మీద కూర్చోబెట్టింది. బర్సీ అంటే మా ముస్లిం ఇళ్లలో సంవత్సరీకం. పోయినవాళ్లు బతికుండగా ఇష్టంగా తిన్నవన్నీ వండి, దస్తర్‌ఖాన్ పరిచి, ఊదుబత్తి వెలిగించి, ఫాతెహా చదివాకే ఎవరైనా ముట్టుకుంటారు. అమ్మీ వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటే చెప్పింది. సొరకాయ ఖీర్, ఖట్టీ దాల్, తలకాయ కూర. చివర్లో, "గా జపాను సేమియా గూడ ఉండాలె బిడ్డా. నువ్వే పోయి తేవాలె" అంది. జపాను సేమియా అంటే రామెన్. మేడ్చల్‌లో మందుల కంపెనీలో పనిచేసే రోజుల్లో షాహీన్‌కు దాని మీద ప్రాణం. ఆ మాట మా ఇంట్లో ఏడాదిన్నరగా ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం నేనే.

ఈ బ్లాగు చదివేవాళ్లకు నా నోటి సంగతి కొత్త కాదు. శామీర్‌పేట దగ్గర మా ఊళ్లో విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుకుంటూ, తీరిక చిక్కినప్పుడల్లా చుట్టుపక్కల తిరిగి రాస్తుంటాను. టీలో చక్కెర ఎక్కువైందని ఒక ధాబాను మూడు పేరాలు ఉతికి ఆరేసినవాణ్ణి. ఇంట్లోనూ ఇదే నోరు. పోయిన ఏడాది రంజాన్‌లో, ఇఫ్తార్‌కు బంధువులంతా కూర్చుని ఉండగా షాహీన్ సంబరంగా, "భయ్యా, పండుగ అయినంక ఒక శుక్రవారం నాతోని రా. మస్తు రామెన్ తినిపిస్త" అంది. నేను అక్కడే ఫోన్ తీసి రామెన్ అంటే ఏమిటో వెతికాను. పంది ఎముకలను గంటల తరబడి మరిగించిన రసం అని వచ్చింది. అందరిముందూ, "హరామ్ తింటున్నవా?" అన్నాను. "నేను తినేది చికెన్ది భయ్యా" అంది. "బగోన ఒక్కటే గదా! గండ్ల బెట్టిన గంటెనే గిండ్ల బెడ్తరు. ఇగ మా గిన్నెలు ముట్టకు నువ్వు" అన్నాను. ఆమె మర్నాటి నుంచి తన పళ్లెం, గ్లాసు విడిగా కిటికీలో పెట్టుకుంది. తానే కడుక్కునేది. పండుగ నాడు కూడా ఆ పళ్లెంలోనే తింది. నాకు నాలుగు రోజుల్లో కోపం పోయింది. కానీ ఆ పళ్లెం తీసి లోపల పెట్టమని చెప్పడానికి నోరు రాలేదు. తిట్టడానికి ఆడిన నాలుక అప్పుడు ఆడలేదు. వానాకాలంలో ఆమెకు డెంగీ వచ్చింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇరవై ఆరేళ్ల పిల్ల.

కాబట్టి ఈసారి నేను తిండి కోసం మాత్రమే బయల్దేరలేదు. షాహీన్ తిన్నది నిజంగా పందిదైతే దాన్ని ఫాతెహాలో పెట్టలేం, అమ్మీ కోరిక తీరదు. కాకపోతే, నేను నలుగురిలో నా చెల్లెలి మీద అబద్ధపు నింద వేసినట్టు. ఏది తేలినా నాకు ఓటమే. అయినా తేల్చుకోకుండా ఆమె పేరు మీద దస్తర్‌ఖాన్ ముందు కూర్చోవడం నావల్ల కాదనిపించింది.

ఆమె ఏ షాపుకు వెళ్లేదో మాకు తెలియదు. ఆమెతో పనిచేసి, పెళ్లయి నిజామాబాద్ వెళ్లిపోయిన రమ్యకు ఫోన్ చేశాను. "మూడు తావుల పేర్లు చెప్పుకునేటోళ్లం అన్నా. సుచిత్రల ఒకటి, గండిమైసమ్మల ఒకటి, మేడ్చల్ల ఒకటి. షాహీన్ ప్రతి శుక్రవారం దేనికి పోయేదో నాకెరుక లేదు. నాది వేరే షిఫ్టు ఉండె" అంది. సరే, మూడూ చూసి వద్దామని బర్సీకి ముందు రోజు, శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు శామీర్‌పేటలో బస్సెక్కాను. తూంకుంటలో దిగి, అక్కడి నుంచి దేవరయాంజాల్ మీదుగా కొంపల్లి వెళ్లే షేర్ ఆటో పట్టుకున్నాను, ముప్పై రూపాయలు. ఈ దారిలో అప్పుడప్పుడు ఆటో కోసం ఇరవై నిమిషాలు నిలబడాల్సి వస్తుంది, తొందర ఉన్నవాళ్లు నమ్ముకోవద్దు. కొంపల్లి నుంచి సుచిత్రకు ఇంకో ఆటో, ఇరవై రూపాయలు. పదకొండు అవుతుండగా చౌరస్తాలో దిగాను.

సుచిత్రలో రామెన్ దొరికేది బట్టల దుకాణాల పైన, రెండో అంతస్తులో ఉన్న ఒక కేఫ్‌లో. అద్దాల తలుపు, మంచి ఏసీ, గోడ మీద కాగితపు లాంతర్లు. గిన్నె నాలుగు వందల ఇరవై. మీద మొక్కజొన్న గింజలు, క్యారెట్, సగం గుడ్డు. రసం మాత్రం వేడినీళ్లలో సోయా సాస్ కలిపినట్టు ఉంది. నూడుల్స్ నోట్లో పెట్టకముందే తెగిపోతున్నాయి. నడిపే ఆమెను అడిగితే, "మాది మొత్తం వెజ్ బ్రాతే సార్, మొదటి నుంచీ అంతే" అంది. షాహీన్ ఫోటో చూపించాను. తల అడ్డంగా ఊపింది. ఇక్కడికి ప్రతి వారం ఎవరైనా వస్తారంటే ఏసీ కోసమే రావాలి. గిన్నె సగంలో వదిలేసి లేచాను.

సుచిత్ర నుంచి గండిమైసమ్మకు బహదూర్‌పల్లి మీదుగా బస్సులు, ఆటోలు బాగానే ఉంటాయి. నేను పన్నెండుంబావుకు చేరాను. చౌరస్తాకు కాస్త అవతల, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు గుమిగూడే చోట ఒక బండి ఉంది. నీలం పట్టా కింద లక్ష్మి అనే ఆవిడ నడుపుతోంది. గిన్నె తొంభై రూపాయలు. ఎర్రగా, పొగలు కక్కుతూ, మీద చీజ్ ముక్కతో వచ్చింది. కారానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తిట్టడానికి ఏమీ లేదు, ఆ ధరకు ఆకలి తీరుతుంది. కానీ ఇది రామెన్ కాదని నాలాంటి వాడికీ తెలిసిపోయింది.

"ఇండ్ల మాంసం రసం ఏమన్న ఉంటదా అక్కా?" అని అడిగాను.

"అబద్ధమెందుకు చెప్పాలె అన్నా, గివి కొరియా ప్యాకెట్లు. పొడి గూడ ప్యాకెట్లదే. నేను ఎల్లిగడ్డ ఏసి ఉడకబెడత, అంతే" అంది. "అసలుది గావాలంటే మేడ్చల్ల ప్రభుదాసన్న తాన పో. రైల్వే స్టేషన్ దిక్కు సందుల ఉంటడు. పొద్దుగాల అయిదింటికే పొయ్యి ముట్టిస్తడు గాయిన."

షాహీన్ ఫోటో చూపించాను. చాలాసేపు చూసి తెలియదంది. "ఎవలన్నా గీ పిల్ల?" అని అడిగింది.

"మా చెల్లె. రేపు బర్సీ."

లక్ష్మి గ్లాసులో నీళ్లు పోసి నా ముందు పెట్టి, "కారం ఎక్కువైంది, తాగు" అంది. కారం వల్లే అని నేను కూడా ఒప్పుకున్నాను.

గండిమైసమ్మ నుంచి మేడ్చల్‌కు నేరుగా బస్సులు తక్కువ. జుమా నమాజు వేళకు చేరాలి కనుక ఆటో మాట్లాడుకున్నాను, మూడు వందల యాభై. డ్రైవర్ మల్లేశన్నకు అరవై దాటి ఉంటాయి. దుండిగల్ దాటాక, "ఏం పని మీద భయ్యా మేడ్చల్?" అన్నాడు.

"తిననీకి."

"తిననీకి గింత దూరమా? ఏం తింటవ్?" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి అద్దంలో నా మొహం చూసి ఊరుకున్నాడు. మసీదు దగ్గర దిగుతుంటే మాత్రం, "నిమ్మలంగ తిను భయ్యా. కోపంల తింటే ఒంటికి పట్టదు" అన్నాడు. నా మొహం మామూలుగా ఉన్నా కోపంగానే కనబడుతుంది. ఆ మాట షాహీన్ కూడా అంటూ ఉండేది.

నమాజు ముగించుకుని రెండు గంటలకు బయటకు వచ్చి, స్టేషన్ వైపు రోడ్డులో అడుగుతూ వెళ్లాను. సందు మొదట్లో ఇనుప సామాను దుకాణం, దాని పక్కన రేకుల షెడ్డు. బయట తెల్ల పలక మీద ఎర్ర రంగుతో పొగలు వచ్చే గిన్నె బొమ్మ, లోపల ఐదు బల్లలు, గోడకు వాక్యం రాసిన క్రీస్తు క్యాలెండర్. నాతోపాటు మసీదులో నమాజు చేసినవాళ్లే నలుగురైదుగురు, కంపెనీ యూనిఫారాల్లో, అప్పటికే కూర్చుని తింటున్నారు. టోపీలు ఇంకా తలల మీదే ఉన్నాయి. నా కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి. ఇక్కడ కాకపోతే బాగుండని ఒక పక్క, ఇక్కడే అయితే బాగుండని ఇంకో పక్క.

ప్రభుదాసన్నకు యాభై అయిదేళ్లుంటాయి. పన్నెండేళ్లు దుబాయ్ హోటల్లో జపాన్ వంటవాడి కింద పనిచేసి వచ్చాడు. వడ్డన ఆయన భార్య మార్తమ్మ చూసుకుంటుంది. నేను ఫోటో చూపించగానే ఆయన చేతులు తువ్వాలుకు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు.

"షాహీన్ బేటి గదా! ఏడాదైతాంది రాక. లగ్గమై పోయిందేమో, చెప్పకుండ పోయిందని మా ఆమె అలిగింది గూడ" అన్నాడు.

నేను విషయం చెప్పాను. మార్తమ్మ చేతిలోని గిన్నెలు బల్ల మీద పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. ప్రభుదాసన్న నా మొహంలోకి చూసి, "అంటే నువ్వు యూసుఫ్ భయ్యావా?" అని అడిగాడు.

నా పేరు నేను చెప్పలేదు. అవునన్నాను.

"దా" అని నా మోచెయ్యి పట్టుకుని వంట దగ్గరకు తీసుకెళ్లాడు. ఈ చివర ఒక పొయ్యి, ఆ చివర ఇంకో పొయ్యి. మధ్యలో నడుమెత్తు గోడ. ఆ చివరి పొయ్యి మీద మూతపెట్టిన పెద్ద స్టీలు బగోన సన్న సెగన మరుగుతోంది. పక్కనే మేకుకు దానికో గంటె. ఆయన గుడ్డతో బగోన అంచు తుడిచి, "చదువు" అన్నాడు.

గిన్నెలు కొన్నప్పుడు దుకాణంలోనే పేర్లు కొట్టిస్తాం కదా, చుక్కలు చుక్కలుగా, అలా కొట్టించి ఉంది. యూసుఫ్ భయ్యా. గంటె కాడ మీద కూడా అదే పేరు.

"మొట్టమొదలు వచ్చిన దినమే అడిగింది, గిది దేని రసమని" అన్నాడు ప్రభుదాసన్న. "పందిది బిడ్డా అన్న. ముట్టకుండ లేచి పోయింది. మల్ల వారం వచ్చి, చికెన్తోని చేస్తరా అంకుల్, మసీదు పక్క దుకాణంల కొంటేనే తింట అన్నది. సరే అని వేరే గిన్నెల, వేరే గంటెతోని చేసిన. అండ్ల మిరిన్ పోస్తరా, అది సారా జాతిది, నాకు వద్దు అన్నది. జపానోళ్ల సామాను సంగతి మేడ్చల్ల ఇంకెవ్వరడగలే నన్ను! ఇగ రంజాన్ అయినంక ఒక దినం గీ బగోన, గంటె ఆటోల ఏసుకొచ్చింది. మా భయ్యాకు బగోన ఒక్కటే అని అనుమానం అంకుల్, గందుకే వేరే తెచ్చిన అన్నది. పేరెందుకు బేటీ అంటే, ఆయన పేరు చూస్తెనే ఆయన నమ్ముతడు, లేకుంటే నేనెంత జెప్పినా నమ్మడు అన్నది."

"ఇంట్ల చెప్పలేదు గద అన్నా మాకు" అన్నాను.

మార్తమ్మ వెనక నుంచి అంది, "ఆమెకు గూడ పంతమే కొడుకా. నేను జెప్పను, ఆయనే వచ్చి చూడాలె అనేది. రెండు మూడు సార్లు పిలిచిన, రాలేదు అని గూడ అన్నది."

పిలిచింది. నాకు గుర్తొచ్చింది. వానలు పడ్డ కొత్తలో, దుకాణం నిండా రైతులు ఉన్నప్పుడు వచ్చి, "శుక్రవారం ఖాళీయేనా భయ్యా?" అని అడిగింది. విత్తనాల సీజన్లో ఖాళీ ఎక్కడిదని, తల ఎత్తకుండానే అన్నాను. ఎందుకని అడగలేదు. ఆమె కాసేపు గడప దగ్గర నిలబడి వెళ్లిపోయింది. ఇంకోసారి ఫోన్ చేసింది, తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. ఆ పొయ్యి ముందు నిలబడి నేను ఏడ్చాను. తింటున్నవాళ్లు తల తిప్పుకుని తమ గిన్నెల్లోకి చూస్తూ ఉండిపోయారు.

తర్వాత మార్తమ్మ నన్ను బల్ల ముందు కూర్చోబెట్టింది. రామెన్ ఎలా చేస్తారో తెలుసుకోవాలనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను. కోడి ఎముకలు, కాళ్లు, అల్లం, ఉల్లికాడలు వేసి ఉదయం అయిదింటి నుంచి ఏడెనిమిది గంటలు మరిగిస్తారు. బట్టీలో కాల్చిన వంటసోడా కలిపి మైదాతో నూడుల్స్ అక్కడే చేస్తారు, అందుకే అవి సాగుతాయి తప్ప తెగవు. గిన్నె అడుగున సోయా పులుసు ముందు పోసి, దాని మీద రసం, ఆ తర్వాత నూడుల్స్, చివర సోయాలో ఊరిన గుడ్డు. రెండు వందల ఇరవై రూపాయలు. షాహీన్ నిమ్మచెక్క, పచ్చిమిర్చి అడిగి వేయించుకునేదట. నేను కూడా వేయించుకున్నాను. రుచి గురించి చెప్పాలంటే, ఇంత చిక్కగా, ఇంత నెమ్మదిగా చేసిన రసం నేను ఈ రోడ్డు మీద ఇంకెక్కడా తాగలేదు. ఒక్క చుక్క వదల్లేదు.

బగోన తీసుకెళ్తావా అని ప్రభుదాసన్న అడిగాడు. వద్దన్నాను. ఆమె తెచ్చిన రోజు నుంచి ప్రతి శుక్రవారం జుమా అయ్యాక కంపెనీల వాళ్లు దాంట్లోదే తింటున్నారట. అది ఇక్కడే ఉండాలి. ఆయన రసం ఒక క్యాన్‌లో, పచ్చి నూడుల్స్ విడిగా పొట్లంలో కట్టి ఇచ్చాడు. రసం ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు బాగా కాచాలనీ, నూడుల్స్ మరిగే నీళ్లలో రెండు నిమిషాలకు మించి ఉంచొద్దనీ రెండుసార్లు చెప్పాడు. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు నేరుగా రోడ్డు ఉంది, ఆటోలో అరగంట. నాలుగున్నరకు ఇంట్లో ఉన్నాను. దారి పొడవునా ఆ క్యాన్ నా ఒళ్లోనే ఉంది.

మర్నాడు ఫాతెహాకు బంధువులు వచ్చారు. ఆ రోజు ఇఫ్తార్‌లో ఉన్నవాళ్లే చాలామంది. అమ్మీ అన్నిటి మధ్యలో ఆ గిన్నె పెట్టి, నా వంక చూసి, "హలాలేనా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. నేను అందరికీ వినబడేలా చెప్పాను. "హలాలే అమ్మీ. అప్పుడు గూడ హలాలే. షాహీన్ నిజమే జెప్పింది. నేనే తప్పు మాట్లాడిన." మామయ్య ఏదో సర్దిచెప్పబోయాడు, అమ్మీ చెయ్యి ఎత్తి ఆపింది. ఫాతెహా అయ్యాక ఆ గిన్నెలోంచి మొదటి ముద్ద అమ్మీ తింది. కళ్లు తుడుచుకుని, "ఉప్పు జర తక్కువున్నది" అంది. షాహీన్ వంట చేసిన రోజు కూడా అమ్మీ ఇదే మాట అనేది.

ఇన్నేళ్లుగా ఊళ్లు తిరిగి, తిండి తిని, బాగుంది, బాగాలేదు అని తీర్పులు రాస్తూ వచ్చాను. నా ఇంట్లో మనిషి ఏం తింటోందో, ఎందుకు తింటోందో ఫోన్‌లో చూసి తేల్చేశాను. మూడు నెలలు ఒకే కప్పు కింద ఉండి కూడా నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కాకపోతే ఆమె నా కోసం ఒక పని చేసి పెట్టి ఎదురుచూసింది, నేను ఏమీ చేయలేదు. తేడా అదే. క్షమించమని ఖబ్రస్తాన్‌లో ఆమె సమాధి పక్కన కూర్చుని అడిగాను. అడగడం వరకే నా చేతిలో ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సూచన. ఆ బగోన శుక్రవారం మాత్రమే పొయ్యి ఎక్కుతుంది, రెండున్నరకల్లా అయిపోతుంది. హలాలా కాదా, ఉందా అయిపోయిందా అని ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు, ఇద్దరి చేతులూ పనిలో ఉంటాయి. మనిషే స్వయంగా వెళ్లి అడగాలి. మా ఇంటి నుంచి అక్కడికి అరగంట దారి, నాకు ఏడాదిన్నర పట్టింది.